రైలు బొమ్మ పేజీలో ఎద్దుల కథ

మొన్న ఆదివారం పొద్దున కరీంనగర్‌లో మా ఇంటికి సోంబాయి వచ్చింది. చేతిలో ఇప్పపువ్వు లడ్డూల డబ్బా, భుజానికి పెద్ద సంచీ. ఒకప్పుడు ఉట్నూర్ అవతలి అడవి ఊళ్ళో, ఆశ్రమ పాఠశాలలో, నా దగ్గర ఏడో తరగతి చదివిన గోండు పిల్ల ఆమె. ఇప్పుడు అలాంటి బడికే హెడ్మాస్టరు. చెప్పులు విడుస్తూనే "రామ్ రామ్ సార్" అంది. వెంటనే నన్ను కింది నుంచి మీది దాకా చూసి మా ఆవిడ వైపు తిరిగింది. "ఏం పెడుతున్నరు మేడం సార్‌కు? మా దగ్గరున్నప్పుడు గాలికి కొట్టుకపోయేటట్లుండె." మా ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. నన్ను వెక్కిరించేవాళ్ళు దొరికితే ఆమె టీలో పాలు ఎక్కువ పోస్తుంది. ఆ రోజు సోంబాయి గ్లాసులో అన్నీ పాలే, టీపొడి పేరుకు.

వచ్చిన పని లడ్డూలు ఇవ్వడం కాదు. వాళ్ళ బడిలో పిల్లల కోసం కొత్తగా చదువుల గది కట్టారు. దానికి నా పేరు పెడతారట. పెయింటర్ వేసిన నమూనా ఫోన్‌లో చూపించింది. ఆకుపచ్చ రంగు మీద తెల్లటి అక్షరాల్లో 'మోహన్ సార్ చదువుల గది', పక్కన తెరిచి ఉన్న పుస్తకం బొమ్మ. "నా పేరెందుకమ్మా?" అన్నాను. వద్దనే మనిషి గొంతుతో కాదు, ఇంకోసారి చెప్పమనే గొంతుతో. సోంబాయి చెప్పింది. "గా రోజు ఆఫీసర్ ముంగట నా ఇజ్జత్ కాపాడింది మీరు కాదా సార్? తప్పు పేజీ తెరిచి చదువుతుంటె మీరు చూసిండ్రు. చూసి గూడ చెప్పలే. మీరు నోరు తెరిస్తే మా బాపు గదే సాయంత్రం నన్ను పత్తి చేన్లకు తోలుకపోతుండె."

మా ఆవిడ నా వైపు గర్వంగా చూసింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ చూపు నాకు ఎన్నిసార్లు దక్కిందో వేళ్ళు మడిచి చెప్పొచ్చు, అందుకే దాన్ని చెడగొట్టే ధైర్యం లేకపోయింది. లడ్డూ నోట్లో పెట్టుకుని తల ఊపాను. సోంబాయి బస్సెక్కి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాకు స్తిమితం లేదు. నేను చూసిన మాట నిజం. చెప్పని మాటా నిజం. ఎందుకు చెప్పలేదన్న దగ్గరే లెక్క తప్పింది. ఆ గోడ మీద నా పేరు ఎండేలోపు దీన్ని రాసేయాలని కూర్చున్నాను.

మాది హుజూరాబాద్ దగ్గర ఊరు, నీళ్ళున్న భూములు, బర్రెలు, జీతగాళ్ళు ఉన్న ఇల్లు. ఉద్యోగం కాగితం వచ్చిన రోజు అవ్వ మామిడికాయ తొక్కు జాడీకి గుడ్డ కట్టి, "గాడ ఏం దొరుకుతదో ఏమో" అని కళ్ళు తుడుచుకుంది. బాపు మాత్రం మంచం మీద నుంచి లేవకుండానే, "పులులుంటయట, జర పైలం" అన్నాడు. "బడి బాపు, గాడ పిల్లలుంటరు" అన్నాను. "పులుల ఫికర్ లేదు. నీకు పిల్లలతోనే కష్టం" అన్నాడు. ఆ ముసలాయనకు జాతకం చెప్పే విద్య ఎక్కడ అబ్బిందో!

బడిలో నాకిచ్చిన గది వరండా చివర ఉండేది. గోడ అవతల పిల్లలు పడుకునే హాలు. ఆ గోడ పేరుకే గోడ. అవతల ఎవరైనా తుమ్మితే ఇవతల నేను 'చిరంజీవ' అనొచ్చు. సాయంత్రమయ్యే సరికి కట్టెల పొగ, జొన్న రొట్టె కాలే వాసన, ఆరని దుప్పట్ల వాసన, కిరోసిన్ దీపాల వాసన అన్నీ కలిసి మా మీద ఇంకో దుప్పటిలా కప్పుకునేవి. మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, కరీంనగర్ వైపు మనిషే. ఆయనకు పేపర్ జీపులో మరునాటికి వచ్చేది. నులక మంచం మీద కూర్చుని ఆ నిన్నటి వార్తల్ని ఇప్పుడే జరిగినట్టు గట్టిగా చదివేవాడు. వానలకు వాగు పొంగి జీపు రాకపోతే మొన్నటి పేపరే మళ్ళీ తీసేవాడు. అప్పుడు గొంతు ఇంకా పెంచేవాడు. ఆయన భార్యను నేను పెద్దమ్మ అనేవాణ్ణి. గంజు అడుగున సర్వపిండి తట్టి, అది ఎర్రగా కాలాక గిన్నెలో పెట్టి పంపేది. పంపినప్పుడల్లా "తిను కొడుకా, నీ వంట వాసనకు మా పిల్లి పరేషానైతుంది" అని కబురు కూడా వచ్చేది.

ఏడో తరగతికి అప్పట్లో పబ్లిక్ పరీక్ష ఉండేది. మొదటి రోజే పెద్దసారు ఆ తరగతిని నా చేతిలో పెట్టాడు. "పిల్లలు బంగారమయ్య. చదువొక్కటే రాదు" అన్నాడు. ఇంట్లో గోండీ మాట్లాడే పిల్లలు. తెలుగు సంతలో, బస్సులో వినేవాళ్ళు. అక్షరాలు గుర్తుపట్టేవాళ్ళు గానీ పదం దగ్గరికి వచ్చేసరికి వాగు దాటలేని పశువుల్లా ఆగిపోయేవాళ్ళు. నాకేమో నా గొంతు మీద అపారమైన ప్రేమ. కాలేజీలో నాటకాలు వేసిన గొంతు. పాఠం తీసి, రాజు వస్తే రాజులా, ముసలమ్మ వస్తే ముసలమ్మలా చదివి వినిపించాను. పిల్లలు రెప్ప వేయలేదు. మరునాడు చదవమంటే ఒక్కొక్కరే లేచి, పుస్తకం చేతబట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా చదివారు. నేను ఎక్కడ దగ్గానో అక్కడ దగ్గకపోవడం ఒక్కటే తేడా. దీపావళి వచ్చేసరికి తరగతి మొత్తం గడగడా చదువుతోంది.

"గింత జల్ది ఎట్లొచ్చిందయ్య?" అన్నాడు పెద్దసారు.

"పద్ధతి సార్" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మెడ ఏ కోణంలో ఉందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాకు అప్పుడు తెలియనిది ఒకటుంది. ఆ పిల్లల ఊళ్ళలో పాటగాళ్ళు తీగల వాయిద్యం పట్టుకుని వాళ్ళ దేవుళ్ళ కథలు, తాతల కథలు గంటల తరబడి పాడతారు. తల్లి ఒళ్ళో ఉన్నప్పటి నుంచి అవి విన్న పిల్లలు వాళ్ళు. ఒకసారి విన్న కథ వాళ్ళ దగ్గర భద్రంగా ఉంటుంది. నా పాఠాలు వాళ్ళకు ఒక లెక్కా! పుస్తకం చేతిలో పట్టుకోవడం కేవలం నా మీది మర్యాద. నిజంగా చదవగలిగినవాడు జంగు ఒక్కడే. చిన్నప్పుడు నిర్మల్‌లో మేనమామ ఇంట్లో ఉండి నేర్చుకున్నాడు. నేను ఊరెళ్ళిన రోజుల్లో కొత్త పాఠం వాడే చదివేవాడు. మిగతావాళ్ళు బోరింగు దగ్గర పళ్ళాలు కడుగుతూ వినేవాళ్ళు. పళ్ళాలు అయిపోయేసరికి పాఠమూ అయిపోయేది. వాళ్ళలో అందరికన్నా జ్ఞాపకం గట్టిది సోంబాయిది.

తనిఖీకి ఆఫీసరు వచ్చిన రోజు కొత్త చొక్కా వేసుకున్నాను. సోంబాయి తండ్రి కూడా ఆ రోజు బడికి వచ్చి వరండాలో గొంతు కూర్చున్నాడు. పిల్లకు చదువు వస్తోందో లేదో చూసుకుని, రాకపోతే ఇంటికి తీసుకుపోదామని. ఇంట్లో చంటిపిల్లలున్నారు, చేన్లో పత్తి పగిలి ఉంది. ఏడో తరగతి పాసైతేనే ఉట్నూర్ హాస్టల్‌కు పంపుతానని ముందే చెప్పాడు. ఆఫీసరు కుర్చీలో కూర్చుని, "ఏదీ, ఈ అమ్మాయి చదవనీ" అన్నాడు. సోంబాయి లేచింది. పుస్తకం తెరిచి, ఎద్దుల జత కోసం పోట్లాడుకుని చివరికి కలిసిపోయిన అన్నదమ్ముల పాఠం ఎత్తుకుంది. ఎంత బాగా! పెద్దెద్దు రంకె దగ్గర ఆఫీసరు ముందుకు వంగాడు. సరిగ్గా పేజీ తిప్పాల్సిన చోట పేజీ తిప్పింది. నేను ఆమె వెనకాల నిలబడి ఉన్నాను. ఆ పేజీలో ఎద్దులు లేవు. పొగ వదులుతూ రైలింజను ఉంది.

సోంబాయి ఒక్క క్షణం తల తిప్పి నన్ను చూసింది. నేను చూశానని ఆమెకు తెలిసిపోయింది. రైలు బొమ్మ మీద ఎద్దులు మాత్రం ఆగలేదు, కథ పూర్తిచేసింది. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. వరండాలో తండ్రి తలపాగా సర్దుకుని ఒక్కడే ఇంటికి వెళ్ళిపోయాడు. నా గురించి ఆదిలాబాద్‌లో చెబుతానని ఆఫీసరు నా భుజం తట్టాడు. సోంబాయీ, ఇక్కడే అసలు మాట. ఆ క్షణంలో నాకు నీ తండ్రి గుర్తు లేడు. పత్తి చేను గుర్తు లేదు. ఆఫీసరు చెయ్యి నా భుజం మీద ఉండటమే గుర్తుంది. నిన్ను కాపాడాలనుకుంటే ఆ సాయంత్రమే పిలిచి, 'బిడ్డా, పరీక్షలో గొంతు పనికి రాదు, మొదటి నుంచి మొదలుపెడదాం' అనేవాణ్ణి. అనలేదు. చలికాలం సగం గడిచే దాకా అనలేదు. నీతో చూపు కలపకుండా తప్పించుకు తిరిగాను.

చివరికి పరీక్ష భయం నన్నే పట్టుకుంది. తరగతి మొత్తం తప్పితే నా పద్ధతి ఏమవుతుంది? ఎవరికీ చెప్పకుండా పుస్తకాల వేటలో పడ్డాను. ఆదిలాబాద్ వెళ్ళి రాజకుమారుల కథలు తెచ్చాను. అలవాటు కొద్దీ మొదటి కథ నేనే చదివి వినిపించాను. అది మరునాటికి కంఠస్థం. ఈసారి నోరు మూసుకుని పుస్తకాలు చేతికిచ్చాను. బొమ్మలు చూసి, "మస్తుంది సార్" అని బుద్ధిగా తిరిగిచ్చారు. మంచి అలవాట్ల మీద ఒక పుస్తకం ఇస్తే అది ఊగే బెంచీ కాలి కింద చేరి, ఆ బెంచీకి మంచి అలవాటు నేర్పింది. వాళ్ళ బతుకులకు దగ్గరగా ఉండాలని తెలివిగా ఆలోచించి, పత్తికి పట్టే పురుగుల మీద వ్యవసాయ శాఖ వేసిన పుస్తకం తెచ్చాను. జంగు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంటికాడ గీ పురుగులనే ఏరుతం సార్. బడిల గూడ ఏరాల్నా?" అన్నాడు.

తర్వాత ఒక పొద్దున నిద్ర లేచేసరికి తరగతి గదిలో గోల. కిటికీలోంచి చూశాను. నల్లబల్ల మీద సుద్దతో ఒక్క వాక్యం. పిల్లలంతా దాని ముందు ఎగబడి ఉన్నారు. జంగు బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు.

"ఏం రాసినవ్‌రా? జర చెప్పు."

"చెప్ప. మీకు చదువొచ్చు కదా, గడగడ చదువుతరు కదా. చదువుకోండ్రి."

"సారు మీదనా?"

"గది గూడ చెప్ప."

సోంబాయి అందరినీ నెట్టుకుని ముందుకు వెళ్ళింది. వేలు గాలిలో ఒక్కో అక్షరం మీదుగా నడిచింది. పెదాలు కదిలాయి. వెనక్కి వెళ్ళింది, మళ్ళీ మొదలుపెట్టింది. అంతలో ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. 'మోహన్ సార్ గురకకు బల్లులు గోడ దిగి పారిపోయినయ్' అని రాసి ఉంది. ఆ ఏడాది నా తరగతిలో నిజంగా చదువు జరిగిన మొదటి క్షణం అది. నేనేం చేశాను? లోపలికి దూసుకెళ్ళి బల్ల తుడిపించి, జంగును జెండా కర్ర పక్కన ఎండలో నిలబెట్టాను.

మధ్యాహ్నం పెద్దసారుకు ఫిర్యాదు చేయబోయాను. ఆయన పేపర్ వెనకాల దాక్కున్నాడు. పేపర్ మాత్రం వణుకుతోంది. పెద్దమ్మ దాచుకోలేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "నిజమే కద కొడుకా. మేము పట్నం లారీ వస్తుందనుకుంటం." పెద్దసారు పేపర్ దించి, "పిల్లలు చదివిండ్రా?" అని అడిగాడు. "సోంబాయి చదివింది సార్." "మరి పోరగాన్ని ఎండల ఎందుకు నిలబెట్టినవ్?" వెళ్ళి జంగును నీడకు రమ్మన్నాను. వాడు వచ్చాడు గానీ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మరునాడు పొద్దున్నే బల్ల మీద నేను రాశాను. 'బెల్లం డబ్బా మూత తీసిన చేతికి చీమలు కుట్టినవి. ఆ చెయ్యి రెండో బెంచీలో ఉంది.' రెండో బెంచీలో ఉన్న ముగ్గురూ ఆ వాక్యాన్ని ఎంత కష్టపడి చదివారంటే, కోర్టు తీర్పును కూడా ఎవరూ అంత శ్రద్ధగా చదివి ఉండరు. ఒకటే షరతు పెట్టాను. చదివినవాళ్ళు పక్కవాళ్ళకు పైకి చెప్పకూడదు. దాంతో జ్ఞాపకానికి పని లేకుండా పోయింది. రోజూ కొత్త మాట, రోజూ ఎవరి పేరో. తన పేరు ఉందేమోనని ఒకరు, పక్కవాడి పేరు ఉండాలని ఇంకొకరు, పళ్ళు తోముకుంటూ వేపపుల్లతోనే పరుగెత్తి వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు ఒక్క వాక్యం సరిపోక బల్ల నిండింది. మూల పక్కగా కాస్త చోటు పిల్లలకు వదిలాను. సోంబాయి రాసిన మొదటి మాట నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. 'మా అవ్వ పంపిన రొట్టె సారు మంచిగుందన్నడు. కుక్కకు ఏసిండు.' తుడిపించలేదు. ఆ సాయంత్రం ఆమె రొట్టె తెస్తే, నిలబడి చూస్తుండగా మొత్తం తిన్నాను. గట్టిగానే ఉంది.

పరీక్షలో తెలియని పేరా ఒకటి ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. అందరికీ అక్కడే భయం. బయటికి రాగానే సోంబాయి, "ఎవరి మీదనో రాసిండ్రు సార్, పేరు ఎరుక లేదు గాని మొత్తం చదివిన" అంది. జీపు డ్రైవరు ఉట్నూర్ నుంచి ఫలితాలు తెచ్చాడు. ఆమె అంచు మీద పాసైంది, పాసవడమే కావాల్సింది. తండ్రి ఆమె పెట్టె నెత్తిన పెట్టుకుని హాస్టల్ దాకా నడిచాడు. ఆ వేసవిలోనే ఆదిలాబాద్‌లో టీచర్ల మీటింగుకు నన్ను పిలిచారు. చదవలేని పిల్లలకు చదవాలనిపించేదే ఇవ్వాలి అనే నా సూత్రాన్ని చెప్పాను. నా సూత్రమనే చెప్పాను. జంగు పేరు ఎత్తలేదు, ఎండ మాట అసలే ఎత్తలేదు. అప్పటి నుంచి ఏ పిల్లలకు ఏ పుస్తకాలివ్వాలో చెబుతూ జిల్లాలు తిరుగుతూనే ఉన్నాను. మంచి భోజనాలు పెట్టారు.

నిన్న సాయంత్రం సోంబాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అవతల పిల్లల గోల వినిపిస్తూనే ఉంది.

"గీ కథ మా పిల్లలకు ఏటేట చెప్తున్న సార్. మా సారు కాపాడిండని" అంది సోంబాయి. "ఇప్పుడేం చెప్పాలె?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

"అయితే గోడ మీద పేరు ఉండది సార్."

"ఉండొద్దనే ఫోన్ చేసిన."

"జంగు పేరు పెడ్త. వాడు ఇప్పుడు ఇచ్చోడ దిక్కు జీపులు నడుపుతున్నడు. చెప్తే నవ్వి నవ్వి సస్తడు." ఆమె మాత్రం నవ్వలేదు. "అప్పుడు మాకు జంగు ఒక్కడుండె సార్. ఇప్పుడు ఒక్కొక్కని చేతిల ఒక్కొక్క జంగు" అంది. "ఫోన్‌కు నోటితోని చెప్తే అదే రాస్తది, రాసింది అదే చదివి వినిపిస్తది. ఏడో తరగతిల సగం మందికి మూడక్షరాల మాట రాదు. ఎవ్వరికీ కనవడది. మా ఆఫీసర్లు గూడ చప్పట్లు కొట్టి పోయిండ్రు."

ఆ పిల్లలకు పుస్తకాలు ఎంచి పంపనా అన్నాను. పుస్తకాలు బీరువా నిండ ఉన్నయంది. అయితే పిల్లల పేర్లు, ఎవరి అల్లరి ఏమిటో కాస్త రాసి పంపు, బల్ల మీద రాసే మాటలు ఇక్కడే తయారు చేసుకుని రిబ్బన్ కత్తిరించే రోజు తెస్తానన్నాను.

"పంప సార్" అంది. "వాళ్ళ ముఖం చూడకుంట వాళ్ళ మీద ఏం రాస్తరు? రిబ్బన్ జంగు కత్తిరిస్తడు. మీరు సోమవారం ఫస్ట్ బస్సుకు రాండ్రి. మా వరండా చివర గూడ ఒక రూం ఉంది, ఖాళీ చేపిస్త."

ఫోన్ పెట్టేసింది. నేను పుస్తకాలేవీ సర్దుకోలేదు. బట్టలు మాత్రం పరీక్షలయ్యే దాకా సరిపడా పెట్టమని మా ఆవిడకు చెప్పాను.